వాలీబాల్‌లో గట్టి షాట్ లేపడానికి ఏం ప్రాక్టీస్ చేయాలి?

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ: కాలేజీ టీంలో వెనక వరుసలో ఆడతావు, అవతలివాళ్ల సర్వీస్ బాగానే తీస్తావు, కానీ అవతలివాడు షాట్ కొడితే బంతి చేతులకు తగిలి గ్రౌండ్ బయటికి పోతోంది, కోచ్ లేడు, ప్రాక్టీస్‌కు ఇద్దరు ఫ్రెండ్స్ ఉన్నారు. నేను మా ఊరి టీంలో చాలా ఏళ్లు వెనకే ఆడాను, ఇప్పుడు సాయంత్రాలు స్కూల్ గ్రౌండ్‌లో పిల్లల చేత ఆడిస్తుంటాను. అక్కడ చూసిందే చెబుతాను. బంతి చేతులకు తగులుతోందంటే నీకు స్పీడు చాలినంత ఉన్నట్టే, అసలు తేడా అంతకుముందే వస్తోంది.

లెక్క వేసి చూడు. ఓ మాదిరి షాట్ గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వస్తుందనుకుందాం, అంటే సెకనుకు 22 మీటర్లు. నెట్‌కు 7 మీటర్ల వెనక నిలబడితే బంతి నీ దాకా రావడానికి సెకనులో మూడో వంతు కూడా పట్టదు. ఆ కాస్త టైంలో బంతిని చూసి, అటు పరిగెత్తి, చేతులు కలిపి, మళ్లీ సెట్టర్ (షాట్ కొట్టేవాడికి బంతి లేపి ఇచ్చేవాడు) వైపు తిప్పడం ఎవరి వల్లా కాదు. అందుకే కొట్టేవాడి చెయ్యి బంతికి తగిలే క్షణానికి నీ కాళ్లు ఆగిపోయి ఉండాలి. ఎక్కడున్నావన్నది రెండో సంగతి, ముందు ఆగాలి. రెండడుగులు పక్కన ఉన్నా సరే, ఆగి ఉన్నవాడు లేపుతాడు, సరైన చోటికి పరిగెత్తుతూ ఉన్నవాడికి తగిలి బయటికి పోతుంది. మన పిల్లల్లో నూటికి తొంభై మందికి ఇదే జబ్బు. టీవీలో మ్యాచ్ వచ్చినప్పుడు బంతిని వదిలేసి లిబెరో (వేరే రంగు జెర్సీ వేసుకుని వెనక వరుసలో డిఫెన్స్‌కే ఆడేవాడు) పాదాలు మాత్రమే చూడు, నేను చెప్పేది అర్థమవుతుంది.

ఇక చేతుల సంగతి. షాట్‌కు చేతులు ఊపకూడదు, సర్వీస్ తీసే అలవాటుతో ఊపుతావు, అందుకే ఎగిరి బయట పడుతోంది. మోచేతులు చాచి, మణికట్టుకు కాస్త పైన బంతి తగలనిచ్చి, గట్టి షాటైతే తగిలినప్పుడు చేతుల్ని కొద్దిగా లోపలికి వదలాలి, అంతే. నువ్వు సైడ్ లైన్ దగ్గరుంటే లైన్ వైపు భుజం కాస్త లేపు, చేతులు వాటంతటవే కోర్టు మధ్యకు తిరుగుతాయి. చేతులు ముందే కట్టేసుకుని కూర్చోవద్దు, మోకాళ్ల ముందు విడివిడిగా ఉంచి, బంతి వచ్చే దిక్కు తెలిశాకే కలుపు. సెట్టర్ చేతిలో పడేలా నెట్ దగ్గరికి పంపాలనే ఆశ కూడా మానెయ్, బంతి కొంచెం పొడవుగా పోయి నెట్ మీదికొస్తే చాలు, అవతలివాడు అక్కడే తిరిగి కొట్టేస్తాడు. నెట్‌కు 3 మీటర్ల దూరంలో ఉండే గీత మీద, కోర్టు మధ్యలో, నెట్‌కు రెట్టింపు ఎత్తులో లేస్తే చాలు, సెట్టర్ పరిగెత్తి అందుకుంటాడు.

ఇద్దరు ముగ్గురితో చేసేవి చెబుతాను. మొదటిది గోడ. నువ్వు గోడకు మూడు నాలుగు మీటర్ల దూరంలో గోడ వైపే చూస్తూ నిలబడు, ఫ్రెండ్ నీ వెనక నుంచి నీ భుజం మీదుగా బంతిని గోడకేసి కొడతాడు. గోడకు తగిలి తిరిగొచ్చేదాకా ఎటు వస్తుందో నీకు తెలియదు. మొదట్లో సగం బంతులు ఒంటికి తగులుతాయి, ఫరవాలేదు. మొహం తిప్పేసుకునే అలవాటు పోవడానికి దీన్ని మించింది నేను చూడలేదు.

రెండోది అందరికీ తెలిసిందే, ఎదురెదురుగా నిలబడి ఒకడు కొట్టడం, ఒకడు లేపడం. కాకపోతే మనవాళ్లు దీన్ని కబుర్లు చెప్పుకుంటూ వార్మప్‌లా కానిచ్చేస్తారు. కొట్టేవాడు ఐదారు మీటర్ల నుంచి ఒకసారి గట్టిగా, ఒకసారి డ్రాప్ (మెత్తగా ముందే పడేసేది), ఒకసారి పక్కకు, ఏదో చెప్పకుండా కొట్టాలి. నీ తల పైకి లేచిన బంతినే లెక్కపెట్టు, తగిలి పోయినది సున్నా.

అన్నిటికంటే ఎక్కువ టైం మూడోదానికి ఇవ్వు. నెట్ అవతల బెంచీ వేసి ఒకణ్ని ఎక్కించు, నెట్ మీద పాత దుప్పట్లు వేలాడదీయి. బంతిని వాడే పైకి వేసుకుని నెట్ మీదుగా కొడతాడు. నీకు వాడి భుజం, మోచెయ్యి, బంతి తప్ప ఏమీ కనబడదు, కాబట్టి అవే చూడటం నేర్చుకుంటావు. మోచెయ్యి వేగం తగ్గి చెయ్యి మెత్తబడిందా, డ్రాప్ వేస్తున్నాడు, ముందుకు రా. భుజం లోపలికి తిరిగిందా, క్రాస్, అంటే కోర్టులో ఐమూలగా వచ్చే షాట్. రెండో ఫ్రెండ్‌ను నెట్ దగ్గర చేతులెత్తి షాట్ ఆపే బ్లాక్‌కు పెట్టావంటే ఇంకా మంచిది, వాడి వెనక దాక్కోకు, కొట్టేవాడి చెయ్యి నీకు కనబడే చోటికి జరిగి నిలబడు, బ్లాక్ సైడ్ లైన్ వైపు మూస్తే నువ్వు క్రాస్ తీసుకో.

కొన్నిచోట్ల కోచ్ నీ వైపు కోర్టులోనే నిలబడి గంటసేపు నీ మీదకి బంతులు కొట్టి అదే డిఫెన్స్ ట్రైనింగ్ అంటారు. చేతులు గట్టిపడతాయి, కాదనను. కానీ అందులో కొట్టేవాణ్ని చదివే పనే లేదు, మ్యాచ్‌లో అసలు పని అదే. అలాంటి ప్రాక్టీస్‌కు పెద్ద పేరు 1964 టోక్యో ఒలింపిక్స్ స్వర్ణం గెలిచిన జపాన్ ఆడపిల్లలది. ఎక్కువమంది నిచిబో స్పిన్నింగ్ కంపెనీలో పనిచేసేవాళ్లు, కోచ్ హిరోబుమి దైమాత్సు అర్ధరాత్రి దాకా బంతులు కొట్టి లేపించేవాడు. వాళ్ల దగ్గర నేను తీసుకోమనేది ఆ దెబ్బలు కాదు, పడగానే భుజం మీదుగా దొర్లి లేచి నిలబడే పద్ధతి. దాన్ని మోకాళ్ల మీద కూర్చుని, గడ్డి మీదో ఇసుకలోనో, బంతి లేకుండా నేర్చుకో.

ఛాతీ కంటే పైకొచ్చే బంతికి కిందికి వంగి వెనక్కి పడకు, చేతులు పైకెత్తి వేళ్లతోనో అరచేతులతోనో లేపు. టీం మొదటి టచ్‌లో ఒకే కదలికలో రెండు చేతులకు వెంటవెంట తగిలినా ఫౌల్ కాదు, పట్టుకుని విసిరితేనే ఫౌల్. మన ఊళ్లలో ఇది తెలియక అంపైర్‌తో గొడవలు కూడా అవుతుంటాయి.

ఇంకో సంగతి, బంతిలో గాలి చూసుకో. రూల్ ప్రకారం చదరపు సెంటీమీటరుకు 0.30 నుంచి 0.325 కేజీల ప్రెజర్ ఉండాలి, మనవాళ్లు సైకిల్ పంపుతో రాయిలా చేసేస్తారు, అలాంటిది ఎంత మంచి చేతుల మీదైనా ఎగిరిపోతుంది. వీడియోల్లో అరచెయ్యి నేలకు పరిచి బంతి లేపేది మట్టి గ్రౌండ్‌లో ప్రయత్నించకు, కింద రాళ్లుంటే చేతి తోలు పోతుంది, బంతి కూడా సరిగ్గా లేవదు. మీది సిమెంట్ కోర్టయితే డైవ్ జోలికే పోవద్దు, మోకాళ్లకు ప్యాడ్లు కొనుక్కో.