అబ్బాయి నాటకం ఒక్కసారైనా చూశారా?

ప్రశ్న: మా అబ్బాయి గుంటూరు దగ్గర బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. ఏడాది నుంచి ఒక నాటక సమాజంలో చేరి సాయంత్రాలు రిహార్సల్స్‌కి వెళ్తున్నాడు. రెండు బ్యాక్‌లాగ్స్ పడ్డాయి. ఇప్పుడు చదువు మానేసి హైదరాబాద్‌లో ఆరు నెలల యాక్టింగ్ కోర్సు చేస్తానంటున్నాడు. ఫీజు రెండున్నర లక్షలు. చివర్లో సినిమా ఆడిషన్లకు వాళ్ళే పంపిస్తారట. వాళ్ళ నాన్నగారు వాడితో మాట్లాడటం మానేశారు. ఈ కోర్సు మంచిదా, ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా మంచిదా? అసలు నాటకాల్లో భవిష్యత్తు ఉంటుందా?
– ఒక తల్లి, నరసరావుపేట

అమ్మా, మీ ఉత్తరం చాలా పెద్దది. పైన కుదించి ఇచ్చాను. అందులో ఫీజు లెక్క ఉంది, బ్యాక్‌లాగ్స్ ఏ సబ్జెక్టుల్లోనో ఉంది, మీ ఆడపడుచు ఫోన్లో ఏమన్నారో కూడా ఉంది. మీవాడు ఏడాదిగా ఏ వేషం వేస్తున్నాడో మాత్రం ఎక్కడా లేదు. ఒక్క ప్రదర్శనైనా చూసి ఉంటే రాసేవారే కదా!

ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. ఒకప్పుడు డ్యాన్స్ అనేవాళ్ళు, తర్వాత యూట్యూబ్ వచ్చింది, ఇప్పుడు యాక్టింగ్. అడిగేది కోర్సు గురించే అయినా, పిల్లాడు చేజారిపోతున్నాడేమో అన్న భయమే మిమ్మల్ని నిద్రపోనివ్వడం లేదు. దానికి తోడు నాటకం అన్న మాటకే మనవాళ్ళలో చులకన. అబద్ధమాడితే ‘నాటకాలాడకు’ అంటాం. నాటకాలవాడికి పిల్లనెవరిస్తారన్న మాట మా నాన్నగారి నోట నేనూ విన్నాను. ముందే చెబుతున్నాను, మీవాడు చేజారలేదు. సాయంత్రం ఎక్కడుంటాడో, ఎవరితో ఉంటాడో మీకు తెలుసు. ఈ మాట ఎంతమంది తల్లులు చెప్పగలరు?

ఇక ఆ కోర్సు. నాకు దాని మీద గట్టి అనుమానాలే ఉన్నాయి. బాగా నేర్పేవాళ్ళు లేరని అనను. కానీ ‘ఆడిషన్లకు పంపిస్తాం’ అనే మాట చూపించి ఫీజు తీసుకునేవాళ్ళను నేను నమ్మను. కొత్త నటులు కావాలంటే సినిమా వాళ్ళు సోషల్ మీడియాలో బాహాటంగానే ప్రకటన ఇస్తారు. ఫొటోలు, చిన్న వీడియో పంపమంటారు. దానికి డబ్బు కట్టక్కర్లేదు. ఆడిషన్‌కో, వేషం ఖాయం చేయడానికో డబ్బు అడిగాడంటే వాడు మోసగాడు. ఎంత పెద్ద పేరు చెప్పినా సరే, ఫోన్ పెట్టేయండి.

కొన్నేళ్ళ కిందట ఒక తండ్రి చీటీ పాడిన డబ్బు తెచ్చి కొడుకును అలాంటి ఒక సంస్థలో చేర్పించారు. పోర్ట్‌ఫోలియో ఫొటోలకు మళ్ళీ వేరే డబ్బు. కోర్సయ్యాక కుర్రాడు నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు. ఏం నేర్చుకున్నావురా అంటే, కెమెరా ముందు ఏడ్చి చూపించాడు. నిజంగానే కన్నీళ్ళొచ్చాయి. ‘విశేషం’ అనమన్నాను, ‘విసేసం’ అన్నాడు. ఆరు నెలల్లో ఆ ఒక్క మాట దిద్దినవాళ్ళు లేరు!

నాటక సమాజంలో అయితే మొదట దిద్దేది అదే. ఒకసారి తెలిసినవాళ్ళ రిహార్సల్‌కి వెళ్ళాను. కల్యాణమండపం మేడ మీద గది. రెండు ప్లాస్టిక్ కుర్చీలు కలిపితే సోఫా, నేల మీద సుద్దముక్కతో గీసింది గుమ్మం. ఒక కుర్రాడు టెలిగ్రాం తెచ్చే వేషం, మూడే డైలాగులు. ప్రతిసారీ గుమ్మంలోంచి కాకుండా గోడలోంచి వచ్చేస్తున్నాడు. దర్శకుడు బ్యాంకులో రిటైరైన పెద్దాయన. కేకలేయలేదు, పదకొండుసార్లు వెనక్కి పంపాడు. పన్నెండోసారి కుర్రాడు గుమ్మం దగ్గర ఆగి, లేని చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. ఆయన ‘ఊఁ’ అన్నాడంతే. రెండున్నర లక్షలు కట్టి నేర్చుకునే చదువు మీవాడికి సైకిల్ దూరంలో ఉంది, అది కూడా ఉచితంగా.

సమాజాల్లో ఆడిషన్ అని బోర్డు పెట్టి పిలవడం తక్కువ. వెళ్ళి కూర్చుంటే ముందు ప్రాంప్టింగ్, అంటే పక్కనుంచి డైలాగులు అందించడం, చెప్పమంటారు, సెట్ సామాను మోయిస్తారు. వేషం వేయాల్సినాయనకు ఏ ఊరికో బదిలీ అయితే, డైలాగులన్నీ నోటికొచ్చిన కుర్రాడివి నువ్వే కదా అని నిలబెడతారు. ఆ తర్వాత పరిషత్తు పోటీలు, అంటే నాటక పోటీలు పెట్టే సంస్థలవి. ప్రదర్శనకు తీసుకునే ముందు పరిషత్తుల వాళ్ళు ప్రాథమిక పరిశీలనకు వచ్చి నాటిక చూసి వెళ్తారు. నన్నడిగితే అసలు ఆడిషన్ అదే. ఆంధ్ర నాటక కళా పరిషత్తు 1929లో పుట్టింది మీకు దగ్గర్లోని తెనాలిలోనే కదా. పోటీ నాటకానికి ఇంతకంటే మంచి చోటు హైదరాబాద్‌లో కూడా దొరకదు. నంది నాటకోత్సవాల్లో కాలేజీ, యూనివర్సిటీ విద్యార్థుల నాటికలకు విడిగా విభాగం ఉంది. వాళ్ళ కాలేజీ నుంచి ఎవరైనా వెళ్ళారేమో అడగమనండి. ఆకాశవాణి కేంద్రాలు రేడియో నాటకాలకు గొంతు పరీక్ష పెడతాయి, విజయవాడ కేంద్రం ప్రకటన కోసం కన్నేసి ఉంచమనండి. హైదరాబాద్‌లో బంజారాహిల్స్ లామకాన్ లాంటి చోట్ల కొత్త బృందాలు ప్రదర్శనలిస్తుంటాయి. సెలవుల్లో నాలుగు చూసి రమ్మనండి. ఆ బస్సు ఖర్చు నేనైతే సంతోషంగా ఇస్తాను.

డబ్బు సంగతి కూడా దాచను. నాటికకొచ్చిన బహుమతి సొమ్ము సెట్టుకీ, లైట్లకీ, వ్యాను కిరాయికీ సరిపోతే గొప్ప. రంగస్థలం మీదే ఇల్లు గడవడం మన దగ్గర చాలా కష్టం. అందుకే మన పెద్ద నటులు ఉద్యోగం చేస్తూనే నాటకాలాడారు. కోట శ్రీనివాసరావు గారు స్టేట్ బ్యాంకులో పనిచేశారు. జె.వి. సోమయాజులు గారు డిప్యూటీ కలెక్టర్. సినిమాల్లో పేరు రాకముందు ఆయన ఎన్నేళ్ళు స్టేజీ మీద ఉన్నారో మీ ఊళ్ళో పాతకాలం ప్రేక్షకులను అడగండి.

పోలిక అడిగారు కాబట్టి చెబుతాను. నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో మూడేళ్ళ కోర్సు, ఎంపికైనవాళ్ళకు స్కాలర్‌షిప్ ఇస్తారు. పోటీ దేశమంతా, హిందీ ఇంగ్లిష్ రావాలి. డిగ్రీతో పాటు అప్పటికే నాటకాల్లో పనిచేసిన అనుభవం చూపించమంటారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ పీజీ ఉంది, రెండేళ్ళు. దానికీ డిగ్రీ కావాలి. మీవాడు బీటెక్ మధ్యలో వదిలేస్తే ఈ రెండూ మూసుకుపోతాయి. నేను చెప్పానని కాదు, ప్రవేశ ప్రకటనలు వాడినే చదవమనండి. బ్యాక్‌లాగ్స్ ఎందుకు రాయాలో మీరు చెబితే వినడు, ఆ ప్రకటనలు చూస్తే తనకే తెలుస్తుంది. పరీక్షలకు నెల ముందు వేషం ఒప్పుకోవద్దని, రిహార్సల్ వారానికి మూడు రోజులకు కుదించమని మాత్రం గట్టిగా చెప్పండి. అన్నట్టు నాటకాల వల్లే రెండు సబ్జెక్టులు పోయాయని మీరు తేల్చేశారు. వాడిని అడిగారా? నాటకం జోలికి పోని పిల్లలకు కూడా అంతకంటే ఎక్కువే ఉంటున్నాయి.

మీవారి విషయంలో ఒక మాట అంటాను, కోపగించుకోకండి. ఇరవయ్యేళ్ళ పిల్లాడితో మాట మానేయడం క్రమశిక్షణ కాదు, అలక. ఇంట్లో మాట్లాడేవాళ్ళు లేకపోతే, ఆ కోర్సు అమ్మే కుర్రాడు తీయగా మాట్లాడతాడు. మీవాడు అక్కడికే పోతాడు.

తర్వాతి ప్రదర్శన ఎప్పుడో అడగండి. ఇద్దరూ వెళ్ళండి. ఆయన మీ పక్కన కూర్చోనంటే వెనక వరసలో కూర్చోనివ్వండి. అయ్యాక తెర వెనక్కి వెళ్తే, కొబ్బరినూనె రాసుకుని మేకప్ తుడుచుకుంటూ మీవాడు కనిపిస్తాడు. బ్యాక్‌లాగ్స్ మాట అక్కడ ఎత్తకండి. మర్నాడు ఇంట్లో టిఫిన్ తిన్నాక ఎత్తండి.