స్వాతీ, ఫీజు కట్టే ముందు ఇది చదువు

స్వాతీ,

మీ అమ్మ నిన్న పొద్దున్నే ఫోన్ చేసి, "అక్కా, స్వాతి మళ్ళీ చదువుకుంటుందట, ఆన్‌లైన్‌లో ఎంసీఏ అట" అంటే చాలా సంతోషమేసింది. పిల్లాడు ఒకటో క్లాసుకొచ్చాక, రాత్రి షిఫ్టులు చేస్తూ, మళ్ళీ పుస్తకం పట్టుకోవాలన్న ఆలోచన రావడమే గొప్ప. ఆ వెంటనే, "లక్షన్నర ఫీజు, లోను కూడా వాళ్ళే ఇప్పిస్తారట, వడ్డీ లేదట" అంది చూడు, అక్కడ నాకు గుబులు పట్టుకుంది. లోన్ల సీట్లో కూర్చునే జుట్టు నెరిసినదాన్ని, పుట్టింటివాళ్ళిచ్చింది తప్ప వడ్డీ లేని అప్పు నేనింతవరకు చూళ్ళేదు.

నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తాను. డిగ్రీలో ఎంపీసీఎస్, అంటే లెక్కలూ ఫిజిక్సూ కంప్యూటర్సూ చదివావు కాబట్టి ఎంసీఏకి అర్హత గొడవ లేదు. యూనివర్సిటీకి ఆన్‌లైన్ అనుమతి ఉందా, అదీ నువ్వు చేరే కోర్సుకి, నువ్వు చేరే సెషన్‌కి ఉందా అన్నది ఆ అనుమతులిచ్చే యూజీసీ దూరవిద్య వెబ్‌సైట్‌లో నీ కళ్ళతో చూసుకో. అనుమతి ఉన్నచోట చేసిన ఆన్‌లైన్ డిగ్రీ మామూలు డిగ్రీతో సమానమేనని 2022లో యూజీసీయే చెప్పింది, కాబట్టి ఎవరైనా వంకరగా మాట్లాడితే పట్టించుకోకు. అది డిగ్రీయా, సర్టిఫికెట్టా కూడా చూడు, 'ఎగ్జిక్యూటివ్ పీజీ' అని పెద్దక్షరాల్లో వేసి, డిగ్రీ కాదన్న సంగతి అడుగున ఎక్కడో పెట్టేవాళ్ళున్నారు. మీ హెచ్ఆర్ వాళ్ళు ఫీజులో కొంత ఇస్తారేమో అడుగు, ఇస్తే ఆ తర్వాత ఎన్నాళ్ళు ఉద్యోగం మారకూడదంటారో అదీ అడుగు.

ఇక ఆ వడ్డీ లేని లోను. కౌన్సెలర్‌కి ఫోన్ చేసి ఒక్కటే అడుగు, "ఇప్పుడే మొత్తం కట్టేస్తే ఎంత తగ్గిస్తారు?" అని. పదిహేను వేలు తగ్గిస్తాం అన్నాడనుకో, ఆ పదిహేను వేలే నీ వడ్డీ. లక్షా ముప్ఫై అయిదు వేల కోర్సుకి నెలకి 12,500 చొప్పున ఏడాది కట్టి లక్షన్నర ఇస్తున్నావన్నమాట. నెలనెలా అసలు కూడా తీరుతూ వస్తుంది కాబట్టి, లెక్కేస్తే నూటికి రూపాయిన్నర దాటుతుంది, ఏడాదికి 20 శాతం దగ్గర. ఊళ్ళో నోటు రాయించుకుని ఇచ్చేవాళ్ళ రేటు! పైన ప్రాసెసింగ్ ఫీజు, దానిమీద జీఎస్టీ వేరే. సున్నా వడ్డీ అనేదే ఉండదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకి చెప్పింది. అసలు సంగతేమిటంటే నీకు అప్పిచ్చేది యూనివర్సిటీ కాదు, ఏదో ఫైనాన్స్ కంపెనీ. పాఠాలు బాగోలేవని నువ్వు మూడో నెలలో మానేసినా, పిల్లాడికి జ్వరమొచ్చి పరీక్ష తప్పినా వాళ్ళకి సంబంధం లేదు, ఈఎంఐ కట్ అవుతూనే ఉంటుంది. ఆపావా, అప్పులిచ్చేవాళ్ళు చూసే సిబిల్ స్కోరు పడిపోతుంది. మీరు ఫ్లాటు కోసం తిరుగుతున్నారని మీ అమ్మ చెప్పింది, ఆ హోమ్ లోను దగ్గర తగులుతుంది దెబ్బ.

నేనింత కంగారు పడటానికి మా మరిది, మీ రవి బాబాయ్ కారణం. నువ్వు చిన్నపిల్లవప్పుడు, తెనాలిలో మెడికల్ షాపు మేడమీద ఒక స్టడీ సెంటర్ వెలిసింది. ఎక్కడో వేరే రాష్ట్రపు యూనివర్సిటీ, ఎమ్మెస్సీ ఐటీ, రెండేళ్ళు. అమెరికా పిచ్చి జోరుగా ఉన్న రోజులు, గోడలనిండా కంప్యూటర్ కోర్సుల పోస్టర్లే. ఏడాదికి ఇరవై నాలుగు వేలు, రెండేళ్ళదీ ఒకేసారి కడితే నాలుగు వేలు తగ్గింపు, మెటీరియల్ ఫ్రీ అన్నారు. మా మరిది ఆ నాలుగు వేలు చూశాడు. అత్తగారి నానుతాడు షాపులో కుదువ పెట్టి, నాకూ మీ పెదనాన్నకీ ఒక్క ముక్క చెప్పకుండా, నలభై నాలుగు వేలు తీసుకెళ్ళి అక్కడ పోసొచ్చాడు. ఇంట్లో బ్యాంకు మనిషిని పెట్టుకుని!

మొదటి ఏడాది బాగానే గడిచింది, పరీక్షలూ రాశాడు. రెండో ఏడాది హాల్‌టికెట్ రాలేదు. సెంటర్ వాడు ఇవాళ, రేపు అంటూ తిప్పాడు, తర్వాత తలుపుకి తాళమే. అప్పుడు రవి బయటపెట్టాడు నా దగ్గర. రసీదు తీసుకురమ్మన్నాను. పసుపు కాగితం, కార్బన్ పెట్టి రాసింది, మీద యూనివర్సిటీ బొమ్మ ఇంత పెద్దదుంది, కింద రబ్బరు స్టాంపు మాత్రం ఏదో ఎడ్యుకేషనల్ సొసైటీది, దాని మీద ఒక గిలుకు సంతకం. యూనివర్సిటీకి ఉత్తరం రాస్తే, మాకు మొదటి ఏడాది ఫీజే చేరింది, మిగతాది మీరు ఎవరికి కట్టారో వాళ్ళనే అడగండి అని జవాబు. వాళ్ళ వైపునుంచి చూస్తే అది నిజమే. ఆ కాగితం పట్టుకుని ఏ కోర్టుకి వెళ్ళినా వాడు డబ్బిచ్చింది సొసైటీకే. చదువూ సగంలో ఆగింది, నానుతాడు విడిపించేసరికి వడ్డీ అసలుని మించిపోయింది. అత్తగారు ఒక్కరోజు కూడా వాణ్ణి ఏమీ అనలేదు, అదే వాడికి ఎక్కువ బాధ. ఇప్పుడు వాడి నెట్ సెంటర్‌కి పిల్లలు అప్లికేషన్లు పెట్టించుకోవడానికొస్తే ముందు "ఫీజు ఎవరి ఖాతాకి కట్టావు?" అని అడిగి గాని మౌస్ ముట్టుకోడు. ఆన్‌లైన్ డిగ్రీల్లో చేరడానికి యూజీసీ వాళ్ళ డెబ్ ఐడీ అనే నమోదు నంబరు ఉండాలని నాకు చెప్పిందీ వాడే. అది నువ్వే చేసుకోవాలట, ఓటీపీ ఏ కౌన్సెలర్‌కీ చెప్పొద్దన్నాడు.

అందుకని నువ్వు డబ్బు ఎవరి పేరుకి వెళ్తోందో చూడు. యూనివర్సిటీ సొంత సైట్‌లో, యూనివర్సిటీ ఖాతాకి, యూనివర్సిటీ రసీదు. మధ్యలో కోర్సు అమ్మిపెట్టే కంపెనీ పేరు కనిపిస్తే ఆగిపో. ఇంకో గుర్తు చెప్తాను, గుర్తింపున్న డిగ్రీకి యూనివర్సిటీ తీసుకునే ఫీజు మీద జీఎస్టీ ఉండదు. బిల్లులో 18 శాతం కనిపించిందా, నువ్వు కట్టేది డిగ్రీ ఫీజు కాదు, ఇంకేదో సర్వీసుకి.

ఆన్‌లైన్ చదువంటే నాకు చిన్నచూపని అనుకోకు. ఇంటర్‌తో క్లర్కుగా చేరి, నేను డిగ్రీ తెచ్చుకుంది ఓపెన్ యూనివర్సిటీలోనే. ఇప్పుడు అంబేడ్కర్ పేరు పెట్టారు గాని అప్పుడది ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీ, 1982లో పెట్టారు, దేశంలో అలాంటిది అదే మొదటిది. ఆదివారం క్లాసుకెళ్తే పక్కన ఆర్టీసీ కండక్టరు, అవతల అంగన్‌వాడీ టీచరు. మీ పెదనాన్న పప్పులో పోపు వేయడం నేర్చుకుంది ఆ ఆదివారాల్లోనే, ఇప్పటికీ ఇంగువ ఎక్కువే వేస్తారు.

కేంద్ర ప్రభుత్వపు ఓపెన్ యూనివర్సిటీ ఇగ్నోలో కూడా ఎంసీఏ ఉంది, ఫీజు సెమిస్టర్‌కి 12 వేలని చూశాను, ఈ ఏటి ప్రాస్పెక్టస్‌లో సరిచూసుకో. రెండేళ్ళ కోర్సయినా నాలుగేళ్ళ దాకా గడువిస్తారు, పిల్లాడున్న ఇంటికి ఆ గడువు చాలా పనికొస్తుంది. లేదు, నువ్వు చూసిందే బాగుందంటావా, సెమిస్టర్‌కి సెమిస్టర్ కట్టు. తగ్గింపు పోతే పోనీ. రిఫండ్ రూలు ముందే చదువు, యూజీసీ 2018లో పెట్టిన పద్ధతిలో అడ్మిషన్ల చివరి తేదీకి పదిహేను రోజుల ముందే మానుకుంటే, ప్రాసెసింగ్ కింద కొద్దిగా పట్టుకుని మిగతా ఫీజంతా ఇస్తారు, ఆ తేదీ దాటి నెలయితే ఏమీ రాదు. అప్పు తప్పదంటే ముందు మీ జీతం పడే బ్యాంకులో ఎడ్యుకేషన్ లోను అడుగు. బ్యాంకయినా ఫైనాన్స్ కంపెనీ అయినా కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అని ఒక కాగితం ఇవ్వాలి, అసలు రేటు, చార్జీలు అన్నీ అందులో ఉంటాయి, నీకర్థమయ్యే భాషలో ఇవ్వాలన్నది రూలు. తెలుగులో అడిగి తీసుకో, సిగ్గుపడకు. ఎడ్యుకేషన్ లోను వడ్డీకి పన్ను తగ్గుతుందని ఎవరైనా అంటే, నువ్వు కొత్త పన్ను విధానంలో ఉంటే అది లేదు.

బంగారం మాత్రం ముట్టుకోకు. పర్సనల్ లోను కన్నా గోల్డ్ లోను చవకే, కౌంటర్లో కూర్చుని నేనే వందలమందికి చెప్పాను, లెక్క ప్రకారం అదే సరి. అయినా నువ్వు పెట్టొద్దు. అత్తగారి బోసి మెడ చూసినదాన్ని, నాతో వాదించకు.

మొదటి సెమిస్టర్ నేను కడతాను. మీ అమ్మకి చెప్పకు, తను పట్టుబట్టి తిరిగిచ్చేస్తుంది. ఆదివారం పదకొండింటికి వీడియో కాల్ చేస్తాను, అల్లుణ్ణి కూడా కూర్చోమను, ఫీజుల పేజీ, ఆ లోను కాగితం రెండూ తెరిచి ఉంచండి. ఈలోగా ఆ కౌన్సెలర్ "ఇవాళే లాస్ట్ డేట్ మేడమ్" అంటాడు. అననీ. ఏ లింకూ నొక్కకు.

మీ పెద్దమ్మ