అప్పీలు కోర్టులో కొత్త సాక్ష్యం చెల్లుతుందా?

అమెరికాలోని రాష్ట్ర అప్పీలు కోర్టుల తీర్పుల మీద ఈసారి ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. వాటిలో అయిదింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. ఇది అందరికీ పనికొచ్చే సమాచారమే తప్ప, మీ కాగితాలు చదివిన లాయరు చెప్పే సలహాతో సమానం కాదు.

ప్రశ్న: మా విడాకుల తీర్పు వచ్చి పాతిక రోజులైంది. నేను చెప్పింది జడ్జి నమ్మలేదు. నా మాజీ భర్త దాచిన బ్యాంకు ఖాతా కాగితాలు ఇప్పుడు నా చేతికొచ్చాయి. అప్పీలు వేసి వాటిని చూపించవచ్చా? — ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: అప్పీలు వేయవచ్చు గానీ ఆ కాగితాలు అక్కడ చూపించడం కుదరదు. అప్పీలు కోర్టు కేసును మళ్ళీ మొదటినుంచి విచారించదు. సాక్షులను పిలవదు. కింది కోర్టులో దాఖలైన పత్రాలు, అక్కడ మాట్లాడిన ప్రతి మాటా ఉన్న ట్రాన్స్‌క్రిప్టు, జడ్జి రాసిన కారణాలు: ఈ రికార్డు దాటి పక్కకు చూడదు. కొత్త కాగితం బ్రీఫుకు (మీ వాదన రాసిచ్చే పత్రానికి) జత చేస్తే అవతలి లాయరు దాన్ని తీసేయించమని మోషన్ (కోర్టుకు పెట్టే దరఖాస్తు) వేస్తారు, సాధారణంగా అదే నెగ్గుతుంది.

మీ కాగితాలకు సరైన చోటు కింది కోర్టే. తీర్పును పునఃపరిశీలించమని అడిగే మోషన్‌కు న్యూజెర్సీలో 20 రోజులే గడువు. తీర్పు మీకు అందిన రోజు నుంచి లెక్క. ఆ గడువును జడ్జి కూడా పొడిగించలేరు. బహుశా మీకు అది దాటిపోయి ఉంటుంది. మిగిలింది రూల్ 4:50 కింద, తీర్పు నుంచి ఊరట కోరుతూ వేసే మోషన్. కొత్తగా బయటపడిన సాక్ష్యం, అవతలివారు చేసిన మోసం, ఈ రెండు కారణాలకూ తీర్పు తేదీ నుంచి ఏడాది లోపు అవకాశం ఉంది. అయితే ‘ఇప్పుడు దొరికింది’ అంటే చాలదు. తగిన శ్రద్ధ పెట్టి వెతికినా అప్పట్లో దొరికేది కాదని చూపించాలి. కేసు నడుస్తున్నప్పుడు బ్యాంకు కాగితాలు ఇమ్మని రాతపూర్వకంగా అడిగారా? ఆయన ప్రమాణం చేసి ఇచ్చిన ఆస్తుల వివరాల పత్రంలో ఆ ఖాతాను చూపకుండా వదిలేశారా? ఈ రెండింటికీ జవాబు ‘అవును’ అయితే మీ మోషన్‌కు బలం ఉంది. ఆ పత్రం నకలు ముందు వెతికి పట్టుకోండి.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. రూల్ 4:50 మోషన్ వేసినంత మాత్రాన అప్పీలు గడువు ఆగదు. న్యూజెర్సీలో ఆ గడువు 45 రోజులు, అంటే మీకింకా 20 రోజులున్నాయి. మోషన్ తేలాక చూద్దాంలే అని కూర్చుంటే అసలు తీర్పు మీద అప్పీలు చేజారుతుంది. పోనీ ముందు అప్పీలు వేద్దామా అంటే, అది వేసిన క్షణం నుంచి కేసు మీద అధికారం పైకోర్టుకు వెళ్ళిపోతుంది. తీర్పును అమలు చేయించడం తప్ప కింది కోర్టు దాన్ని ముట్టుకోలేదు. అందుకని తీర్పులో ఇతర తప్పులు కూడా ఉన్నాయనుకుంటే, 45వ రోజు లోపే అప్పీలు నోటీసు వేసి, మోషన్ విచారణ కోసం కేసును తాత్కాలికంగా కిందికి పంపమని అప్పిలేట్ డివిజన్‌నే (అక్కడి అప్పీలు కోర్టునే) అడగాలి. దాచిన ఖాతా ఒక్కటే మీ గోడు అయితే మోషన్ ఒక్కటే చాలు, అప్పీలు ఖర్చు దండగ.

‘జడ్జి నన్ను నమ్మలేదు’ అన్నది మాత్రం అప్పీలుకు దాదాపు పనికిరాని కారణం. పైకోర్టు మూడు రకాలుగా చూస్తుంది. చట్టానికి అర్థం తప్పుగా చెప్పారంటే కింది జడ్జి అభిప్రాయాన్ని పక్కన పెట్టి తానే కొత్తగా తేలుస్తుంది. జడ్జి విచక్షణకు వదిలేసిన విషయమైతే ఆ విచక్షణ హద్దు మీరిందా లేదా అనే చూస్తుంది. ఏం జరిగింది, ఎవరు నిజం చెప్పారు అన్న విషయమైతే రికార్డులో తగిన ఆధారం ఉందంటే చాలు, ముట్టుకోదు. సాక్షి ముఖం చూసింది కింది జడ్జి కదా! పైగా కుటుంబ కోర్టు జడ్జీలకు ఆ రంగంలో ప్రత్యేక నైపుణ్యం ఉంటుందని న్యూజెర్సీ సుప్రీంకోర్టు 1998లోనే చెప్పింది. కాబట్టి ‘నమ్మలేదు’ అనే బదులు, భరణం లెక్కలో చట్టం చూడమన్న అంశాల్లో ఏది వదిలేశారు, ఏ నిర్ణయానికి కారణం రాయలేదు అని వెతకండి. కారణాలు రాయని తీర్పులు వెనక్కి వస్తూనే ఉంటాయి.

దాఖలు రుసుము 250 డాలర్లు. అసలు బరువు ట్రాన్స్‌క్రిప్టుది. విచారణ ఎన్ని రోజులు జరిగితే అన్ని రోజులవీ కొనాలి.

ప్రశ్న: అప్పీలు గడువు ఎక్కడైనా 30 రోజులే అని మిత్రుడు చెప్పాడు. నిజమేనా? — టెక్సాస్ నుంచి

జవాబు: ఫెడరల్ కోర్టులో సివిల్ కేసులకు మామూలుగా 30 రోజులు. ఆ లెక్కే అందరి నోటా నానింది. రాష్ట్రాల దారి వేరు.

టెక్సాస్‌లో సివిల్ తీర్పు మీద జడ్జి సంతకం పెట్టిన రోజు నుంచి 30 రోజులు. కొత్త విచారణ కోరుతూ మోషన్ వేళకు వేస్తే అది 90 అవుతుంది. క్రిమినల్ కేసులో శిక్ష విధించిన రోజు నుంచి 30, అక్కడా ఆ మోషన్ వేస్తే 90. గడువు దాటిన 15 రోజుల లోపు సరైన కారణంతో అడిగితే టెక్సాస్ కోర్టులు కొంత ఓపిక పడతాయి. న్యూయార్క్‌లోనూ 30 రోజులే, కాకపోతే ఉత్తర్వును ‘నోటీస్ ఆఫ్ ఎంట్రీ’తో (అది నమోదైందని చెప్పే నోటీసుతో) కలిపి అవతలివారు మీకు అందజేసిన రోజు నుంచి లెక్క. నార్త్ కరోలినాలో సివిల్‌కు 30, క్రిమినల్‌కు 14.

అన్నిటికన్నా మోసపుచ్చేది కాలిఫోర్నియా. పెద్ద సివిల్ కేసుల్లో తీర్పు నమోదైన నాటి నుంచి 180 రోజులు అని చదివి జనం నిశ్చింతగా ఉంటారు. కానీ తీర్పు నమోదైందన్న నోటీసు గానీ, కోర్టు ముద్ర ఉన్న తీర్పు నకలు గానీ క్లర్కు నుంచో అవతలివారి నుంచో అందితే, అది పంపిన తేదీ నుంచి 60 రోజులే. ఏది ముందొస్తే అదే గడువు. కవరు, దానితో వచ్చిన ‘ప్రూఫ్ ఆఫ్ సర్వీస్’ (ఎప్పుడు, ఎలా పంపారో చెప్పే) కాగితం పారేయకండి, తేదీ అందులోనే ఉంటుంది. 61వ రోజు వెళ్తే అప్పీలు వినే అధికారమే ఆ కోర్టుకు ఉండదు, జాలిపడినా చేయగలిగింది లేదు.

ప్రశ్న: డొనాల్డ్ ట్రంప్ మీద న్యూయార్క్ సివిల్ ఫ్రాడ్ కేసులో జరిమానా కొట్టేశారు, తీర్పు మాత్రం నిలిచింది అన్నారు. అదెలా? అప్పీలు వేస్తే డబ్బు కట్టనక్కర్లేదా? — న్యూయార్క్ పాఠకుడు

జవాబు: బాధ్యత వేరు, దానికి పరిహారం వేరు. అప్పీలు కోర్టు ఒకదాన్ని ఉంచి మరొకదాన్ని తీసేయవచ్చు. 2025 ఆగస్టు 21న న్యూయార్క్ అప్పీలు కోర్టు (అప్పిలేట్ డివిజన్ ఫస్ట్ డిపార్ట్‌మెంట్) చేసింది అదే. అయిదుగురు జడ్జీలు మూడు వేర్వేరు అభిప్రాయాలు రాశారు. ఇద్దరు మోసం నిజమే గానీ అంత సొమ్ము రాజ్యాంగం ఎనిమిదో సవరణ నిషేధించే మితిమీరిన జరిమానా అన్నారు. ఇద్దరు మళ్ళీ విచారణ జరగాలన్నారు. ఒకరు కేసే కొట్టేయాలన్నారు. ఎవరి దారి వారిదైతే తీర్పే ఉండదు, పైకి వెళ్ళే దారీ ఉండదు. అందుకని మళ్ళీ విచారణ కోరిన ఇద్దరూ, కేసు రాష్ట్ర అత్యున్నత కోర్టుకు చేరడానికి వీలుగా మొదటి ఇద్దరి ఆదేశంతో చేయి కలిపారు. ఇలాంటి తీర్పులో ‘ఎంతమంది ఒప్పుకున్నారు’ అనే కాదు, ‘దేనికి ఒప్పుకున్నారు’ అని కూడా చదవాలి.

రెండో ప్రశ్న మీ జేబుకు సంబంధించింది. అప్పీలు వేసినంత మాత్రాన డబ్బు తీర్పు అమలు ఆగదు. గెలిచినవారు మీ ఖాతా మీదకు రావచ్చు. ఆపాలంటే బాండు, అంటే ఓడిపోతే సొమ్ము కడతామన్న హామీ, కావాలి. పై కేసులోనే ట్రంప్ బాండు కట్టాల్సిన మొత్తం సుమారు 45.4 కోట్ల డాలర్లు ఉండగా, 2024 మార్చిలో అదే అప్పీలు కోర్టు 17.5 కోట్లకు తగ్గించింది. కాలిఫోర్నియాలో బాండు కంపెనీ హామీ ఉంటే తీర్పు సొమ్ముకు ఒకటిన్నర రెట్లు. అంటే 2,00,000 డాలర్ల తీర్పుకు 3,00,000 బాండు. కంపెనీ దానికి ప్రీమియం తీసుకుంటుంది, తాకట్టూ అడుగుతుంది. టెక్సాస్‌లో బాండు మీ నికర ఆస్తిలో సగాన్ని, లేదా 2.5 కోట్ల డాలర్లను, ఏది తక్కువైతే దాన్ని దాటదు.

వడ్డీని మర్చిపోవద్దు. న్యూయార్క్‌లో సాధారణంగా ఏడాదికి 9 శాతం, కాలిఫోర్నియాలో 10 శాతం (వినియోగదారుల అప్పుల్లో కొన్నిటికి తక్కువ). రెండు లక్షల మీద రెండేళ్ళు అప్పీలు నడిచి ఓడిపోతే కాలిఫోర్నియాలో 40,000 అదనం.

ప్రశ్న: నాలుగేళ్ళ క్రితం కాలిఫోర్నియాలో ఒక చిన్న దొంగతనం కేసులో లాయరు చెప్పాడని నేరం ఒప్పుకున్నాను. ప్రొబేషన్ కూడా అయిపోయింది. ఇప్పుడు గ్రీన్‌కార్డుకు అడ్డొస్తోంది. అప్పీలు ఉందా? — పేరు రాయలేదు

జవాబు: అప్పీలు లేదు. గడువు ఎప్పుడో దాటింది. ఉన్నా ఫలితం తక్కువ, ఎందుకంటే లాయరు మీతో గదిలో ఏం చెప్పాడు, ఏం చెప్పలేదు అన్నది రికార్డులో ఉండదు. మీకు పనికొచ్చే దారి కాలిఫోర్నియా పీనల్ కోడ్ సెక్షన్ 1473.7. 2017 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. శిక్ష, ప్రొబేషన్ ముగిసినవారు, ఇమిగ్రేషన్ పర్యవసానం అర్థం చేసుకోలేక నేరం ఒప్పుకున్నామని చూపించి ఆ శిక్షను రద్దు చేయించుకోవచ్చు. క్లయింటుకు ఇమిగ్రేషన్ ప్రమాదం చెప్పడం లాయరు బాధ్యత అని అమెరికా సుప్రీంకోర్టు 2010లో పడియా కేసులో తేల్చింది. అయితే ఈ సెక్షన్ కింద లాయరు అసమర్థుడని రుజువు చేయనక్కర్లేదు, మీరు పొరబడ్డారని చూపిస్తే చాలు.

ఇక్కడ అఫిడవిట్‌లో ‘తెలిసి ఉంటే ఒప్పుకునేవాణ్ణి కాదు’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే మోషన్ నిలవదు. ఆ నాటి కాగితాలు కావాలి: లాయరుతో ఈమెయిళ్ళు, ఆయన ఫైలు (అది అడిగి తీసుకునే హక్కు మీకుంది), అప్పటి వీసా స్థితి, ఇక్కడి కుటుంబం, ఉద్యోగం, ఇల్లు, అప్పట్లో ఇమిగ్రేషన్‌కు ఇబ్బంది లేని వేరే ఒప్పందం దొరికే వీలుందా అన్నది. రాష్ట్ర సుప్రీంకోర్టు 2021లో ఇలాంటి మోషన్లలో, కాగితాల మీదే తేలిన విషయాలను అప్పీలు కోర్టు తానే స్వతంత్రంగా తూచాలని చెప్పింది. కింది కోర్టు కాదన్నా పైన నిజమైన అవకాశం ఉందన్నమాట. ఆ తిరస్కరణ మీద అప్పీలుకు మీలాంటి చిన్న నేరం (మిస్‌డిమీనర్) కేసులో 30 రోజులే, పెద్ద నేరం (ఫెలనీ) అయితే 60.

ఒక చిక్కు చెప్పాలి. ప్రొబేషన్ బాగా పూర్తి చేశారని కోర్టు కేసు కొట్టేసినా, ఇమిగ్రేషన్ వారి లెక్కలో ఆ శిక్ష బతికే ఉంటుంది. చట్టపరమైన లోపం వల్ల రద్దయిందని ఉత్తర్వులో స్పష్టంగా రాయించుకోవాలి. ‘న్యాయం కోసం’ లాంటి గాలిమాట ఉన్న ఉత్తర్వు తెచ్చుకుంటే శ్రమంతా వృథా.

ప్రశ్న: లాయరు లేకుండా చాట్‌జీపీటీతో బ్రీఫ్ రాసుకుంటే తప్పా? — జార్జియా

జవాబు: తెలుగులో రాసుకున్నది ఇంగ్లీషులో చక్కబరచుకోడానికి వాడుకోండి. కేసుల పేర్లు మాత్రం దాని నోటి నుంచి తీసుకోకండి, లేని తీర్పులను ఉన్నట్టే పుట్టిస్తుంది. మీ రాష్ట్రంలోనే 2025 జూన్‌లో, ఒక విడాకుల కేసులో కింది జడ్జి ఉత్తర్వు అసలు లేని కేసుల మీద ఆధారపడిందని చూసి కోర్ట్ ఆఫ్ అపీల్స్ ఆ ఉత్తర్వును రద్దు చేసి, లాయరుకు 2,500 డాలర్లు జరిమానా వేసింది. లాయరు లేనివారి మీదా కనికరం లేదు. మిస్సోరిలో 2024లో సొంతంగా అప్పీలు నడుపుకున్న ఒకాయన బ్రీఫులో 24 కేసుల్లో 22 కల్పితాలు. అప్పీలు కొట్టేసి, అవతలివారికి 10,000 డాలర్లు కట్టమన్నారు. ఎవరో ఆన్‌లైన్ సలహాదారు రాసిచ్చాడన్న సాకు చెల్లలేదు.

ప్రతి కేసునూ గూగుల్ స్కాలర్‌లో గానీ కౌంటీ లా లైబ్రరీలో గానీ తెరిచి, మీరు ఎత్తి రాసిన వాక్యం అదే పేజీలో ఉందో లేదో చూడండి. తర్వాత ఆ తీర్పును మరే కోర్టైనా కొట్టేసిందా అని చూడండి. ఈ రెండోది లైబ్రరీలో ఉచితంగా వాడుకోనిచ్చే వెస్ట్‌లా, లెక్సిస్ లాంటి న్యాయ డేటాబేసుల్లో తేలిక, గూగుల్‌లో కాదు. తీర్పు ప్రచురితమా కాదా అన్నదీ ముఖ్యమే. కాలిఫోర్నియాలో ప్రచురించని అప్పీలు తీర్పును, అతి కొద్ది మినహాయింపులు తప్పిస్తే, ఉదహరించడమే నిషేధం.