పాత లారీకి బయట పెట్టించిన ఏసీ: అడగకుండా మార్చిన కంప్రెసర్‌కు డబ్బు కట్టాలా?

సందేహం: మేము చెన్నై మాధవరంలో ఉంటాము. నాకు 1972 నాటి అశోక్ లేలాండ్ కామెట్ లారీ ఒకటి ఉంది. దాన్ని నేనే నడుపుకుంటూ సినిమా, సీరియల్ షూటింగులకు కిరాయికి తీసుకెళ్తాను. మా కుటుంబానికి అదే ఆధారం, మా బామ్మర్ది తోడుగా వస్తాడు. పదేళ్ల క్రితం పాత యజమాని దీనికి బయట ఏసీ పెట్టించాడు. గత ఏప్రిల్‌లో చల్లదనం తగ్గితే ఒక వర్క్‌షాపులో ఇచ్చి, లీకు చూసి గ్యాస్ నింపమన్నాను. రూ. 18,000 అవుతుందని వాట్సాప్‌లో రాశారు. తీరా వెళ్తే కంప్రెసర్ మార్చామని రూ. 74,000 అడిగారు. రూ. 60,000 యూపీఐలో కట్టి, మిగతాది తర్వాత ఇస్తానంటే లారీ ఇచ్చారు. రెండు నెలలకే గ్యాస్ అంతా పోయింది. మళ్లీ తీసుకెళ్తే కూలింగ్ కాయిల్ కారుతోందని, ఇంకో రూ. 28,000 కావాలని, పాత బాకీ రూ. 14,000 కడితే తప్ప లారీని షెడ్డు దాటనివ్వమని అంటున్నారు. పక్కా బిల్లు ఇవ్వలేదు, పాత కంప్రెసర్ తిరిగివ్వలేదు. కంపెనీ ఏసీ కాదు కాబట్టి గ్యారంటీ ఉండదంటున్నారు. నేను వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చా? ఇంత పాత లారీకి ఏసీ మార్చడం ఆర్టీఓ నిబంధనలకు విరుద్ధమా?

సమాధానం: ముందుగా లారీ సంగతి చూద్దాం. బండి షెడ్డులో ఉన్న ప్రతి రోజూ మీకు కిరాయి పోతుంది కాబట్టి అన్నిటికంటే అత్యవసరమైనది అదే, పైగా వర్క్‌షాపు వాదన అన్నిటికంటే బలహీనంగా ఉన్నదీ అక్కడే. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం సెక్షన్ 170 ప్రకారం, మనం అప్పగించిన వస్తువు మీద నైపుణ్యంతో పని చేసినవారు ఆ పనికి రావలసిన ప్రతిఫలం అందేవరకు ఆ వస్తువును తమ వద్ద ఉంచుకోవచ్చు. మెకానిక్ షెడ్లన్నీ నమ్ముకునే హక్కు ఇదే. అయితే ఈ హక్కు ఏ పని చేశారో ఆ పని తాలూకు సొమ్ముకే పరిమితం, అది కూడా వస్తువు వారి స్వాధీనంలో ఉన్నంతకాలమే ఉంటుంది. ఏప్రిల్‌లో మిగతా రూ. 14,000 తర్వాత తీసుకుంటామని ఒప్పుకుని లారీని మీ చేతికి ఇచ్చిన రోజునే ఆ బాకీకి సంబంధించిన పట్టు వారి చేజారింది. కుట్టిన కోటుకు మూడు నెలల గడువు ఇస్తానని ఒప్పుకున్న దర్జీ డబ్బు కోసం ఆ కోటును ఆపి ఉంచలేడని ఆ సెక్షన్ కిందనే చట్టం ఉదాహరణ ఇచ్చింది. పాత బాకీలన్నిటికీ కలిపి వస్తువును ఆపే విస్తృతమైన హక్కును సెక్షన్ 171 బ్యాంకర్లకు, మరికొన్ని వర్గాలకు మాత్రమే ఇచ్చింది. వేరే ఒప్పందం లేనిదే వాహనాల మరమ్మతు చేసేవారికి అది వర్తించదు. రెండోసారి మీ అంగీకారంతో జరిగిన పని ఏదీ లేదు కనుక, ఇప్పుడు లారీని నిలిపి ఉంచడానికి వారికి చట్టపరమైన ఆధారం నాకు కనిపించడం లేదు.

ఈ విషయాన్ని వివరిస్తూ స్పీడ్ పోస్టులో (రిజిస్ట్రేషన్‌తో) నోటీసు పంపి, లారీని అప్పగించడానికి ఏడు రోజుల గడువు ఇవ్వండి. ఈలోగా షూటింగు ఒప్పందం ఏదైనా చేజారిపోయే పరిస్థితి ఉంటే, పంతానికి పోకుండా రూ. 14,000 కట్టి, ఈ సొమ్మును అభ్యంతరంతో, హక్కులు వదులుకోకుండా చెల్లిస్తున్నానని అదే రోజు వాట్సాప్‌లో రాసి లారీని తెచ్చుకోవడం మంచిదని నా అభిప్రాయం. అలా రాస్తే చెల్లింపును అంగీకారంగా చూపే అవకాశం వారికి ఉండదు. ఏప్రిల్‌లో రూ. 60,000 కట్టినప్పుడు మీరు అలాంటి మాట ఒక్కటీ రాయకపోయి ఉంటే మీ కేసులో బలహీనమైన భాగం అదే. ఆనాటి సందేశాల్లో కంప్రెసర్ మార్చమని నేను చెప్పలేదు కదా అన్న ధోరణిలో ఒక్క వాక్యమున్నా దాన్ని భద్రపరచుకోండి.

ఇక మీరు వినియోగదారుడేనా అన్న ప్రశ్న. లారీ కిరాయికి తిరుగుతోంది కాబట్టి ఇది వాణిజ్య ప్రయోజనమని ఎదుటి పక్షం మొదటి వాయిదాలోనే అంటుంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(7) వాణిజ్య ప్రయోజనానికి కొన్నవారిని మినహాయించినా, స్వయం ఉపాధితో కేవలం జీవనోపాధి కోసం కొని వాడుకునేవారిని ఆ మినహాయింపులోకి చేర్చలేదు. లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ వర్సెస్ పి.ఎస్.జి. ఇండస్ట్రియల్ ఇన్‌స్టిట్యూట్ కేసులో 1995లో సుప్రీంకోర్టు, లారీ కొని తానే నడుపుకుని బతికేవాడు వినియోగదారుడేనని, సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నంత మాత్రాన ఆ హోదా పోదని స్పష్టంగా చెప్పింది. ఆ కేసు వేసిన సంస్థ ఓడిపోయింది గానీ అందులోని ఆ వాక్యాలు మాత్రం మీ లారీ కోసమే రాసినట్టుంటాయి. మీ బామ్మర్ది తోడు రావడం ఇబ్బంది కాదు. అదే మీకు నాలుగు లారీలుండి, జీతానికి డ్రైవర్లను పెట్టి, మీరు వేరే వ్యాపారం చూసుకుంటూ ఉంటే నేను సివిల్ కోర్టుకు వెళ్లమని చెప్పేవాడిని.

ఇక్కడ ఒక మెలిక ఉంది. 1986 నాటి పాత వినియోగదారుల చట్టంలో ఈ జీవనోపాధి వెసులుబాటుకు ఇచ్చిన వివరణలో వస్తువులతో పాటు సేవల ప్రస్తావన కూడా ఉండేది. 2019 చట్టంలోని వివరణ వస్తువుల గురించే మాట్లాడుతుంది. అందువల్ల ఫిర్యాదులో ఏసీ మరమ్మతు సేవలో లోపం అని మాత్రమే రాసి ఊరుకోకుండా, కంప్రెసర్ అనే వస్తువును నాకు అమ్మారని, దాన్ని నా జీవనోపాధి వాహనంలో అమర్చారని కూడా విడిగా రాయండి. లావాదేవీ ప్రధాన ఉద్దేశం ఏమిటో చూడాలని 2019లో లీలావతి కీర్తిలాల్ మెహతా మెడికల్ ట్రస్ట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రాన్ని కూడా జత చేయవచ్చు. మండుటెండలో క్యాబిన్‌లో కూర్చునే మనిషికి చల్లగాలి కోసం చేయించిన పని లాభం కోసం చేసిన వ్యాపార లావాదేవీ కాదని వాదించడం కష్టమేమీ కాదు.

కంపెనీ ఏసీ కాదు కాబట్టి బాధ్యత లేదన్న మాట ఇందులో అసలు నిలవదు. ఏసీని పదేళ్ల క్రితం ఎవరు అమర్చారన్నది వివాదం కాదు. ఏప్రిల్‌లో వీరు ఏ పని ఒప్పుకున్నారు, ఏం చేశారు, ఏ వస్తువు అమ్మారు అన్నవే వివాదాంశాలు. కొనుగోలుదారు తన అవసరం చెప్పి, అమ్మకందారు నైపుణ్యం మీద ఆధారపడినప్పుడు, వస్తువు ఆ అవసరానికి తగినదై ఉండాలన్న షరతు ఒప్పందంలో ఉన్నట్టే భావించాలని 1930 నాటి వస్తు విక్రయ చట్టం సెక్షన్ 16 చెబుతోంది. బిల్లు ఇవ్వకపోవడం వినియోగదారుల చట్టం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార విధానం. మార్చిన పాత కంప్రెసర్ మీ ఆస్తి, అది పాడైపోయిందన్న కారణంతో వారి తుక్కు గుట్టలో కలపడానికి వీల్లేదు. మరమ్మతు చేయదగిన పాత కంప్రెసర్లకు పాత విడిభాగాలు అమ్మే పుదుపేట లాంటి చోట్ల ధర పలుకుతుందని వారికీ తెలుసు. నోటీసులో దాన్ని ప్రత్యేకంగా అడగండి. అది చేతికొస్తే మీ కేసుకు అదే ముఖ్యమైన సాక్ష్యం అవుతుంది.

ఎందుకంటే అసలు తగువు సాంకేతికమైనది. గ్యాస్ ఎక్కువగా లీకయ్యే చోట్లు కొన్నే ఉంటాయి: కంప్రెసర్ షాఫ్ట్ సీలు, హోస్ పైపుల చివర బిగింపులు, కండెన్సర్, క్యాబిన్‌లోని కూలింగ్ కాయిల్. సక్రమంగా పని చేసేవారు నైట్రోజన్‌తో ఒత్తిడి పరీక్ష చేసి లీకు ఎక్కడుందో చూస్తారు, వ్యవస్థను విప్పినప్పుడు తేమను పీల్చే రిసీవర్ డ్రయ్యర్ మారుస్తారు, వాక్యూమ్ పట్టి (లోపలి గాలిని లాగేసి) ఆ తర్వాతే గ్యాస్ ఎక్కిస్తారు. ఆర్-134ఏ రకం గ్యాస్ వాడే కంప్రెసర్‌లో దానికి తగిన నూనెనే పోస్తారు. ఏప్రిల్‌లో ఒత్తిడి పరీక్ష చేశామంటే కాయిల్ లీకు అప్పుడే ఎందుకు బయటపడలేదో చెప్పాలి. చేయలేదంటే ఏ ఆధారంతో కంప్రెసర్ మార్చారో చెప్పాలి. ఈ రెండు ప్రశ్నల్లో ఏదో ఒకదానికి వారు తడబడక తప్పదు. కాయిల్‌ను ఈ రెండు నెలల్లోనే సముద్రపు గాలి తినేసిందని అనవచ్చు, దాన్ని రుజువు చేయాల్సింది వారే. పాత కంప్రెసర్ షాఫ్ట్ సీలు నిజంగానే కారుతూ ఉండి ఉంటే మాత్రం మార్పు అవసరమే అయిందని కమిషన్ భావించవచ్చు, అప్పుడు మీకు దక్కేది తక్కువే.

అందువల్ల లారీ చేతికి వచ్చాక వెంటనే మరో షెడ్డులో విప్పించకండి. ముందు వర్క్‌షాపుకు తేదీ తెలియజేసి, బీమా రంగంలో లైసెన్సున్న సర్వేయర్ చేతగానీ, వాహన ఏసీ పనిలో అనుభవమున్న నిపుణుడి చేతగానీ పరీక్ష చేయించి, ఫోటోలతో రాతపూర్వక నివేదిక తీసుకోండి. వారు రాకపోయినా, పిలిచినట్టు రుజువు ఉంటే చాలు. వాట్సాప్ సందేశాలకు భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని సెక్షన్ 63 ప్రకారం ధృవీకరణ పత్రం జత చేయండి. కమిషన్ ముందు సాక్ష్య నియమాలు అంత కఠినంగా వర్తించకపోయినా, అది ఉంటే అభ్యంతరం తలెత్తదు.

ఫిర్యాదును మీరు నివసించే ప్రాంతం మీద అధికార పరిధి ఉన్న జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. చెల్లించిన సొమ్ము రూ. 5 లక్షల లోపు కాబట్టి రుసుము లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు. లారీని ఇంకా ఆపి ఉంచితే సెక్షన్ 38(8) కింద మధ్యంతర ఉత్తర్వు కోరండి. కోరేది మాత్రం ఆచితూచి కోరండి. అంగీకరించిన రూ. 18,000 మించి కట్టిన సొమ్ము, నివేదిక ఖర్చు, రుజువు చూపగలిగిన కిరాయి నష్టం అడిగితే చాలు. మనోవేదనకు లక్షలు కోరే ఫిర్యాదులను కమిషన్ సభ్యులు అనుమానంగా చూస్తారు.

ఆర్టీఓ విషయంలో మీకు పెద్దగా భయం అక్కరలేదు. ఆర్సీలో నమోదైన వివరాలు తయారీదారు నిర్దేశించిన దానికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అంటోంది, 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా సమర్థించింది. ఉన్న కాయిల్ స్థానంలో మరో కాయిల్, ఉన్న బ్రాకెట్ మీద మరో కంప్రెసర్ పెట్టడం ఆ కోవలోకి రాదు. క్యాబిన్ పైకప్పు కోసి యూనిట్ కూర్చోబెట్టడం, చాసిస్‌కు వెల్డింగ్ చేయడం మాత్రం అనుమతి లేకుండా చేయించకండి, సెక్షన్ 182ఎ(4) కింద శిక్ష ఉంది. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి అన్న నిబంధన మీ లారీకి వర్తించదు. యాభై ఏళ్లు దాటింది కదా అని 2021 నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు మార్చుకోమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అది వాణిజ్యేతర వాహనాలకు ఉద్దేశించినది, దాని కింద మీరు కిరాయికి తిప్పడం కుదరదు.

చివరగా, బీమా పాలసీ తీసి చూడండి. తయారీ సంస్థ అమర్చని ఏసీని పాలసీలో విలువతో సహా విడిగా చూపించకపోతే, వైరింగ్ వల్ల మంటలు లేచినప్పుడు బీమా సంస్థ ఆ భాగానికి డబ్బు ఇవ్వనంటుంది. కమిషన్‌లో ఫిర్యాదుకు సెక్షన్ 69 కింద రెండేళ్ల గడువు ఉంది, దాన్ని ఏప్రిల్ నాటి చెల్లింపు తేదీ నుంచే లెక్కపెట్టుకోవడం క్షేమం.