పెద్ద కత్తి కొనబోయే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. మాచెటీ, పరాంగ్, కుక్రీ అనే మూడు రకాల నరికే కత్తుల పొడవులు, బరువులు, ఉక్కు రకాలు పట్టిక వేసి, వీటిలో ఏది మేలో చెప్పమన్నావు. శ్రద్ధగా వేసిన పట్టికే గానీ, ఆ కత్తితో నీవు దేనిని నరకబోతున్నావో అందులో ఎక్కడా లేదు. అది తెలియకుండా ఏ కత్తి మేలో నేనే కాదు, వాటిని కొట్టిన కమ్మరి కూడా చెప్పలేడు.

నరకవలసినవి ప్రధానంగా రెండు జాతులు. గడ్డి, తీగలు, లేత కాడలు ఒకటి. చేవ పట్టిన కొమ్మలు, చిన్న చెట్ల మొదళ్ళు, ఎండుకట్టె రెండవది. లేత కాడకు వెనుక ఆనుడు ఉండదు కనుక, నెమ్మదిగా వచ్చిన కత్తి ఎంత పదునైనదైనా దానిని పక్కకు వంచి వదిలేస్తుంది; వంగేలోపే తెగాలంటే కత్తి కొస వేగంగా రావాలి, అందుకు అలుగు, అంటే పిడి పోగా మిగిలిన కత్తి రేకు, పొడవుగా, పలుచగా, చేతికి తేలికగా ఉండాలి. బరువు రెట్టింపయితే దెబ్బలోని శక్తి రెట్టింపే అవుతుంది, వేగం రెట్టింపయితే నాలుగింతలవుతుంది. కొయ్య సంగతి వేరు. అది కదలకుండా నిలబడి దెబ్బను తీసుకుంటుంది, లోపలికి దిగిన అలుగును రెండు వైపుల నుంచి బిగించి పట్టుకుంటుంది. అక్కడ దెబ్బ వెనుక బరువూ, తెగిన పేడును పక్కకు నెట్టేటంత మందమూ కావాలి. నీ పట్టికలోని కత్తులన్నీ ఈ రెండు అవసరాల మధ్య ఎక్కడో ఒకచోట నిలుస్తాయి. రెండింటినీ పూర్తిగా తీర్చేది ఏదీ లేదు.

సాధారణ మాచెటీ అలుగు 45 సెంటీమీటర్లు, అంటే 18 అంగుళాల పొడవు, 2 నుంచి 3 మిల్లీమీటర్ల మందం, మొత్తం మీద అరకిలో అటూ ఇటూ బరువు ఉంటుంది. చేతిలోకి తీసుకుని ఆడిస్తే అలుగు కొద్దిగా ఊగుతుంది. కొత్తవారు దీనిని నాసితనమనుకుంటారు గానీ, పొరపాటున రాతికి తగిలినప్పుడు అది విరగకుండా వంగి మళ్ళీ నిటారుగా నిలిచేది ఆ గుణం వల్లనే. వీటి ఉక్కును వంటగది కత్తుల ఉక్కు అంత గట్టిపరచరు. ఉక్కు గట్టితనాన్ని చెప్పే రాక్‌వెల్ కొలతలో 50కి కొద్దిగా అటూ ఇటూ ఉంచుతారు. అందువల్ల అంచు త్వరగా మొద్దుబారుతుంది, కానీ పెచ్చులూడిపోదు, కూర్చున్నచోటనే ఆకురాయితో మళ్ళీ తెచ్చుకోవచ్చు. కొస వైపు వెడల్పుగా ఉండే బోలో, పంగా రూపాలలో బరువు ముందుకు జరుగుతుంది కనుక అవి సన్న కొమ్మలను కూడా బాగానే తీస్తాయి. అయితే గంటల తరబడి గడ్డి కొడితే మణికట్టు ముందుగా అలసిపోయేది కూడా వాటితోనే. చెట్లు దట్టంగా ఉన్నచోట 60 సెంటీమీటర్ల కత్తి ప్రతి ఊపులోనూ దేనికో ఒకదానికి తగులుకుంటుంది కనుక, పొడవు ఎక్కువైతే పని ఎక్కువవుతుందనుకోవద్దు.

మలయా ద్వీపకల్పంలోనూ, ఇండోనేషియా దీవులలోనూ వాడే పరాంగ్, గోలోక్ కత్తులు గట్టి కొయ్య కోసం పుట్టినవి. పొడవు తక్కువ, వెన్ను మందం, బరువు ముందుకు; అంచు దగ్గర రెండు చెంపలూ కొద్దిగా ఉబ్బెత్తుగా ఉండడం వల్ల కొయ్యలో ఇరుక్కోకుండా పేడును పైకి లేపి బయటికి వస్తాయి. గోలోక్ సాధారణంగా పరాంగ్ కంటే పొట్టిది, బరువైనది. చేతి బొటనవేలి మందం నుంచి మణికట్టు మందం వరకు ఉన్న కొమ్మలే నీ ప్రధానమైన పని అయితే, నేను రెండో ఆలోచన లేకుండా పరాంగ్ వైపే మొగ్గుతాను.

కుక్రీ మీద నీకు మనసు పడినట్లు నీ రాతలోనే తెలుస్తోంది. అది నేపాల్ కత్తి. అలుగు 25 నుంచి 30 సెంటీమీటర్లు, వెన్ను మందం చాలావాటిలో 8 మిల్లీమీటర్లకు పైనే. అలుగు ముందుకు వంగి ఉండడం వల్ల బరువంతా దెబ్బ తగిలే భాగంలో చేరుతుంది, అంచు కొయ్యను ఏటవాలుగా తాకుతుంది కనుక దెబ్బలోనే కోత కూడా కలుస్తుంది. సంచిలో ఇమిడే కత్తులలో కొయ్యను అంత బాగా నరికేది నేను మరొకటి చూడలేదు. కానీ గడ్డిలో అది దాదాపు పనికిరాదు. పైగా అలుగు పొట్టి కావడం వల్ల చేయి ముళ్ళకూ, కత్తి నీ మోకాలికీ దగ్గరగా వస్తాయి. సంప్రదాయ ఒరలో నుంచి దానిని తీసేటప్పుడు ఒర వెన్ను వైపునే పట్టుకోవాలి. అంచు వైపు వేళ్ళు చుట్టి పట్టుకుంటే, ఒర కుట్టు తెగిననాడు కత్తి ఆ వేళ్ళను కూడా తెంపుతుంది. ఇక కొస వంకీ తిరిగిన మచ్చుకత్తి ముళ్ళకొమ్మలను లాగి నరకడానికి ఎంతో అనువైనదే గానీ, నడకలో మోసుకు తిరిగే సాధనం కాదు. వెన్ను మీద రంపపు పళ్ళు చెక్కి, అడవిలో ప్రాణం కాపాడే కత్తులని అమ్మేవాటి జోలికి మాత్రం పోవద్దు. ఆ పళ్ళు సరిగా కోయవు, వెన్ను మీద కర్రతో కొట్టి కట్టె చీల్చే అవకాశాన్ని కూడా చెడగొడతాయి.

ఉక్కు గురించి నీవు పడుతున్న ఆరాటంలో సగం అనవసరం. నీ పట్టికలోని 1075 అంటే సుమారు 0.75 శాతం కార్బన్ ఉన్న సాదా ఉక్కు. 5160 అంటే కొంత క్రోమియం కలిసిన, బండి స్ప్రింగులకు వాడే ఉక్కు. పొడవైన నరికే కత్తికి రెండూ మంచివే. ఆ ఉక్కును ఎలా కాచి చల్లార్చారన్నది పేరు కంటే ముఖ్యం, అది ఏ పట్టికలోనూ పూర్తిగా కనిపించదు. తుప్పు పట్టని ఉక్కు సముద్రతీరంలో ఉపయోగమే గానీ, ఇంత పొడవైన అలుగుకు నేను కార్బన్ ఉక్కునే ఎంచుకుంటాను. పని అయిన తరువాత జిగురు తుడిచి, ఆరనిచ్చి, పలుచగా నూనె రాయడం పెద్ద శ్రమేమీ కాదు. తడి ఒరలో వదిలేస్తే మాత్రం తుప్పు పట్టడానికి ఒక్క రాత్రి చాలు.

ఉక్కు కంటే పిడిని ఎక్కువసేపు పరిశీలించు. అలుగు నుంచి వచ్చే ఇనుము పిడి చివరి దాకా, పిడి అంత వెడల్పుతో సాగి, రివెట్లతో బిగించి ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. సన్నని ఇనుప కాడను పిడిలో దిగవేసి లక్కతో అతికించిన సంప్రదాయ పద్ధతి కూడా బాగా చేస్తే ఏళ్ళ తరబడి నిలుస్తుంది. నాసిగా చేస్తే అలుగు ఊడి ఎగిరిపోతుంది, అప్పుడు నీ ఎదుట ఎవరున్నారన్నది నీ చేతిలో ఉండదు. పిడి చివర కొద్దిగా కిందికి వంగి ఉంటే చెమట చేతిలో నుంచి జారదు. దుకాణంలో గట్టిగా పిడికిలి బిగించి కాకుండా, చివరి రెండు వేళ్ళను కొంచెం వదులుగా ఉంచి పట్టుకుని చూడు, ఎందుకంటే పనిలో పట్టు అలాగే ఉంటుంది. అరచేతిలో ఎక్కడైనా అంచు గుచ్చుకుంటున్నట్లుంటే, గంట పని తరువాత అక్కడే బొబ్బ లేస్తుంది.

కొత్త మాచెటీలు చాలావరకు సరైన పదును లేకుండానే వస్తాయి. కాబట్టి ఎనిమిది లేక పది అంగుళాల ఆకురాయిని కత్తితోపాటే కొను. గడ్డికి రెండు వైపులా కలిపి 40 డిగ్రీల కోణం, కొయ్యకు 50 డిగ్రీల వరకు సరిపోతుంది. అంతకంటే సన్నగా తీస్తే ముడి తగిలినచోట అంచు ముడుచుకుపోతుంది. తిరిగే సానచక్రం మీద పెట్టవద్దు. అంచు నీలిరంగుకు తిరిగిందంటే అక్కడ వేడి సుమారు 300 డిగ్రీలకు చేరి ఉక్కు గట్టితనం పోయిందన్నమాట, దానిని ఏ ఆకురాయీ తిరిగి తీసుకురాలేదు.

నరికేటప్పుడు కొయ్యకు అడ్డంగా కాక, సుమారు 45 డిగ్రీల ఏటవాలుగా ఒకసారి అటు నుంచి, ఒకసారి ఇటు నుంచి కొట్టి గాడి చేయి. గాడి వెడల్పు కొమ్మ మందమంత ఉండాలి. తప్పిపోయిన దెబ్బ ఎక్కడికి పోతుందో కొట్టే ముందే చూసుకో, ఆ దారిలో నీ కాలు గానీ మరొకరు గానీ ఉండకూడదు. వంగి బిగుసుకుని ఉన్న కొమ్మను పూర్తిగా ఒక్క దెబ్బకు తెంచితే అది ఎగిరి ముఖానికి తగలగలదు. వెదురును మొదలు దగ్గర ఏటవాలుగా కొట్టి వదిలేస్తే, మిగిలిన మోడు బల్లెమై నిలబడుతుంది. దానిని నేల మట్టానికి అడ్డంగా తీసివేయి. కత్తి మోసుకుని బయలుదేరే ముందు అక్కడి చట్టం ఎంత పొడవును, ఏ అవసరానికి అనుమతిస్తుందో కూడా తెలుసుకో.

ఇంత చెప్పినా ఏమి నరకాలో నీకే స్పష్టంగా లేకపోతే, 45 సెంటీమీటర్ల సాదా మాచెటీతో పాటు మడిచే చేతిరంపం ఒకటి తీసుకో. మణికట్టు కంటే లావైన కొయ్యను రంపం ఏ కత్తి కంటే తక్కువ శ్రమతో, తక్కువ ప్రమాదంతో కోస్తుంది. మాచెటీ చేయలేని పని అదొక్కటే కనుక, ఆ రెండూ కలిసి కుక్రీ కంటే ఎక్కువ పనులకు వస్తాయి. నీవు వెళ్ళే చోట గడ్డి ఎక్కువో కొయ్య ఎక్కువో చూసి రాస్తే, పొడవు ఎంత ఉండాలో అప్పుడు కచ్చితంగా చెబుతాను.

ఇట్లు,
నీ పెదనాన్న