టెక్ సందేహాలు: పాత బండికి ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టించాలా?

సందేహం: మాది పాత పెట్రోల్ జీపు. ఫ్యాన్ బెల్టు మీద తిరుగుతుంది. ట్రాఫిక్‌లో కాసేపు ఆగితే చాలు, టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దగ్గరికి వెళ్తోంది. ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టిస్తే తీరిపోతుందా?

జవాబు: ఒక ముఖ్యమైన సంగతి మీరు రాయలేదు. హైవే మీద వెళ్తున్నప్పుడు ముల్లు ఎక్కడుంటోంది? ఆగినప్పుడు పైకెక్కి, బండి వేగం అందుకోగానే దిగిపోతుంటే రేడియేటర్‌కు గాలి చాలడం లేదని అర్థం. అప్పుడు ఎలక్ట్రిక్ ఫ్యాన్ నిజంగానే పనికొస్తుంది. అలాకాకుండా వేగంగా వెళ్తున్నా వేడెక్కుతుంటే ఎన్ని ఫ్యాన్లు పెట్టినా లాభం లేదు. ఆ వేగంలో ఎదురుగాలే ఫ్యాన్ చేసే పని చేసేస్తుంది. రేడియేటర్ లోపల పాచి పట్టిందా, వాటర్ పంపు అరిగిందా, కింది హోస్ పైపు లోపలికి నొక్కుకుపోతోందా, ఇగ్నిషన్ టైమింగ్ తప్పిందా అన్నవి ముందు చూపించుకోండి.

రేడియేటర్ మూతను కూడా తేలిగ్గా తీసుకోకండి. 15 పీఎస్‌ఐ ఒత్తిడి పట్టే మూత బాగుంటే నీళ్లు 120 డిగ్రీల దాకా మరగవు. దాని రబ్బరు గట్టిపడిపోతే ఒత్తిడి నిలవదు, నీళ్లు 100 దగ్గరే పొంగిపోతాయి. ఆ సంగతి తెలియక చాలామంది ఇంజిన్ మీద అనుమానపడతారు. మూత తీసి చూడాలంటే మాత్రం ఇంజిన్ పూర్తిగా చల్లారాకే.

ఇక బెల్టు ఫ్యాన్‌కు పుట్టుకతోనే ఒక లోపం ఉంది. ఇంజిన్ ఎంత వేగంగా తిరిగితే అదీ అంతే తిరుగుతుంది. గాలి బాగా కావాల్సిన ఐడ్లింగ్‌లో (బండి ఆగి ఇంజిన్ మాత్రం నడుస్తున్నప్పుడు) నెమ్మదిస్తుంది, అక్కర్లేని హైవే మీద హోరెత్తిస్తుంది. ఫ్యాన్ వేగం రెట్టింపైతే అది తినే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. మోటారు ఫ్యాన్‌కు ఇంజిన్ వేగంతో పని లేదు, వేడి చూసుకుని తిరుగుతుంది. దీనివల్ల మైలేజీ అమాంతం పెరుగుతుందని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి. చప్పుడు తగ్గడం, ట్రాఫిక్‌లో టెన్షన్ తగ్గడం, అసలు లాభం ఆ రెండే.

కొనేటప్పుడు ఫ్యాన్ సైజు కంటే ముందు దాని వెనక తొడుగు సంగతి అడగండి. రేడియేటర్ మొత్తాన్ని కప్పే తొడుగు ఉంటేనే అన్ని మూలల నుంచీ గాలి లాగుతుంది. అది లేకపోతే రెక్కలు తిరిగే వృత్తం వరకే చల్లబడుతుంది. చోటుంటే రేడియేటర్‌కు ఇంజిన్ వైపు పెట్టి గాలి లాగించడమే మంచిది. ముందు పెట్టి గాలి నెట్టించే పద్ధతిలో ఎదురుగాలికి ఫ్యాన్ తానే అడ్డమవుతుంది. రేడియేటర్ రేకుల మధ్య నుంచి ప్లాస్టిక్ పుల్లలు దూర్చి బిగించే కిట్లు నాకు అస్సలు నచ్చవు. కుదుపులకు అవి ట్యూబుల్ని ఒరుసుకుని చివరికి లీకేజీ తెస్తాయి. ఫ్రేముకు క్లాంపు వేయించుకోండి.

పాత ఫ్యాన్ విప్పేశాక వాటర్ పంపు పుల్లీకి ఆ పాత బోల్టులే బిగించకండి. ఫ్యాన్ మందం పోయింది కాబట్టి బోల్టు పొడవెక్కువై కొస అడుగున తగులుతుంది. చేతికి గట్టిగా బిగిసినట్టే ఉంటుంది గానీ పుల్లీ వదులుగానే ఉంటుంది. పొట్టి బోల్టులు వేయాలి.

ఫ్యాన్‌ను ఆన్ చేసే స్విచ్‌ను థర్మోస్టాట్‌ను (నీళ్లు వేడెక్కాక రేడియేటర్‌కు దారి తెరిచే వాల్వును) బట్టి ఎంచుకోవాలి. మీ థర్మోస్టాట్ 82 డిగ్రీలకు తెరుచుకునేదైతే, 92–95 మధ్య ఆన్ అయి ఐదారు డిగ్రీలు తగ్గాక ఆగే స్విచ్ సరిపోతుంది. ఇంకా తక్కువది పెడితే ఫ్యాన్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. స్విచ్‌ను హోస్ పైపు మధ్యలో లోహపు ముక్క పెట్టి అందులో బిగిస్తుంటే, ఆ ముక్కకు విడిగా ఎర్త్ వైరు ఇవ్వాలి. రెండు పక్కలా రబ్బరే కదా, ఎర్త్ ఎక్కడి నుంచి వస్తుంది? కొత్త ఫ్యాన్ తిరగట్లేదని వచ్చే ఫిర్యాదుల్లో ముందు చూడాల్సింది ఇదే.

వైరింగ్ దగ్గర పొదుపు వద్దు. మామూలు ఫ్యాన్ 10 నుంచి 20 ఆంపియర్లు లాగుతుంది, మొదలయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ. అంత కరెంటు డ్యాష్‌బోర్డు స్విచ్ గుండా పంపితే స్విచ్ కాలిపోతుంది. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్) తప్పనిసరి. బ్యాటరీ నుంచి వచ్చే వైరుకు బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాలి. రిలేలో 30 నంబరుకు బ్యాటరీ వైరు, 87కు ఫ్యాన్, 85, 86 లకు ఇగ్నిషన్, టెంపరేచర్ స్విచ్ వైర్లు వస్తాయి. అంతా అయ్యాక ఇంజిన్ ఆపి ఫ్యాన్ ఒక్కటే తిప్పి, రేడియేటర్ ముందు ఒక కాగితం పట్టుకోండి. అంటుకుపోతే సరే. ఎగిరిపోతుంటే మోటారు వైర్లు తారుమారైనట్టే.

సందేహం: ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టించాక రాత్రిపూట సిగ్నల్ దగ్గర హెడ్‌లైట్లు మసకబారుతున్నాయి. బ్యాటరీ కూడా దిగిపోతోంది. బ్యాటరీ మార్చాలా?

జవాబు: ముందే మార్చకండి. మీ బండిలో బ్యాటరీని చార్జ్ చేసేది ఆల్టర్నేటరా, పాతకాలపు డైనమోనా చూడండి. పాత డైనమోల్లో చాలావాటికి గరిష్ఠంగా ఇచ్చేదే 20 ఆంపియర్ల చుట్టుపక్కల. ఐడ్లింగ్‌లో అయితే దాదాపు ఏమీ ఇవ్వవు. రెండు 55 వాట్ల హెడ్‌లైట్లకే 9 ఆంపియర్లు పోతాయి. ఫ్యాన్‌కు ఇంకో 15 అనుకోండి. ఆ తేడా అంతా బ్యాటరీయే మోస్తోంది. కొత్త బ్యాటరీ వేసినా కొన్నాళ్లకు ఇదే కథ. ఆల్టర్నేటర్ వేయించుకోవడమే దారి. కొన్ని బాగా పాత బళ్లలో ప్లస్ తీగే బాడీకి ఎర్త్ అయి ఉంటుంది. ఆల్టర్నేటర్ కనెక్షన్ ఇచ్చే ముందు అది తప్పకుండా చూడమనండి, లేకపోతే అందులోని డయోడ్లు పోతాయి.

సందేహం: తాళం తీసేశాక కూడా ఫ్యాన్ తిరుగుతోంది. లోపమా?

జవాబు: కాదు. మీ రిలేను ఆన్ చేసే వైరును ఇగ్నిషన్ నుంచి కాకుండా నేరుగా బ్యాటరీ నుంచి ఇచ్చారు. రెండు మూడు నిమిషాల్లో ఆగుతుంటే వదిలేయండి. అస్సలు ఆగకపోతే రిలే అతుక్కుపోయి ఉండొచ్చు.

సందేహం: ఓబీడీ స్కానర్ కొని ఫోన్‌లో ఇంజిన్ టెంపరేచర్ చూడొచ్చా? బండి 1980ల నాటిది.

జవాబు: కుదరదు. ఓబీడీ-2 (బండి కంప్యూటర్‌లోని వివరాలను స్కానర్‌కు చూపించే వ్యవస్థ) అమెరికాలో 1996 మోడళ్ల నుంచి, యూరప్‌లో పెట్రోల్ కార్లకు 2001 నుంచి తప్పనిసరైంది. మీ బండిలో స్కానర్ గుచ్చే పోర్టే ఉండదు. విడిగా సెన్సర్‌తో వచ్చే డిజిటల్ మీటర్ పెట్టించుకోండి. ఒక్క జాగ్రత్త: సెన్సర్ నీళ్లలో మునిగి ఉంటేనే సరైన అంకె చూపిస్తుంది. నీళ్లు కారిపోతే అది ఖాళీలో ఉండిపోయి, ఇంజిన్ కాలిపోతున్నా తక్కువే చూపించవచ్చు. ఫ్యాన్ స్విచ్‌కూ ఇదే వర్తిస్తుంది. అందుకే ముల్లు ఉన్నట్టుండి కిందికి పడిపోతే సంతోషించకుండా వెంటనే బండి ఆపి ఇంజిన్ కట్టేయండి.