మయామీ క్లినిక్‌లో చేరుతున్న మేనకోడలికి

చి. మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

క్లినిక్‌కు వచ్చే లాటినోలకు, అంటే లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లకు, హెచ్‌ఐవీ సోకకుండా చూడటం, వాళ్ల మనసు బాగోగులు కనుక్కోవడం: నీకు అప్పగించింది బరువైన పని తల్లీ. 2022లో అమెరికాలో కొత్తగా హెచ్‌ఐవీ సోకినవాళ్లలో సుమారు మూడోవంతు లాటినోలే. హెచ్‌ఐవీ సోకకుండా ముందుగానే వేసుకునే ప్రెప్ మాత్రకు 2012లోనే అనుమతి వచ్చింది, పుష్కరం దాటింది. రోజూ వేసుకుంటే లైంగికంగా సోకే ముప్పు దాదాపు 99 శాతం తగ్గుతుంది. అయినా అందట్లేదంటే మనం మనిషిని ఎన్నిసార్లు తిప్పుతున్నామో చూసుకోవాలి. చీటీ రాసి ఇంకోచోటికి పంపితే చాలామంది అక్కడికి చేరరు. పరీక్ష, మాత్రలు, మనసు సంగతి మూడూ మొదటిరోజే తేలాలి.

ముందు గత 72 గంటల్లో హెచ్‌ఐవీ సోకే ప్రమాదమున్న కలయిక ఏదైనా జరిగిందేమో అడుగు. జరిగితే ప్రెప్ కాదు, ప్రమాదం జరిగాక వాడే 28 రోజుల మందుల కోర్సు, పెప్, మొదలుపెట్టించాలి. లేదంటే ర్యాపిడ్ పరీక్ష చెయ్యి. నెగెటివ్ వచ్చి, ఈమధ్య జ్వరం, దద్దుర్లు లేకపోతే, కిడ్నీ జబ్బు లేకపోతే, హెచ్‌ఐవీ ల్యాబ్ పరీక్షకూ, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్‌కూ హెపటైటిస్ బీకీ రక్తం తీయించి, ఫలితాల కోసం ఆపకుండా 30 రోజుల మాత్రలు డాక్టరు చేత అప్పుడే ఇప్పించు. హెపటైటిస్ బీ ఉన్నవాళ్లు మాత్ర హఠాత్తుగా మానేస్తే కాలేయం దెబ్బతినవచ్చు, అందుకే ఆ పరీక్ష వదలకూడదు. ఆ తర్వాత మూడు నెలలకోసారి పరీక్ష. నలుగురితో గది పంచుకుంటూ మాత్రల సీసా దాచుకోలేనివాళ్లకు సూది మందులున్నాయి: రెండు నెలలకోసారి కాబోటెగ్రావిర్, 2025లో అనుమతి పొందిన లెనకాపవిర్ ఆరు నెలలకోసారి. ఇన్సూరెన్స్ ఒప్పుకునేదాకా మాత్రలు నడవనీ.

"మీరు గేనా?" అని అడగొద్దు. పెళ్లాం పిల్లలున్న మనిషి కాదనేస్తాడు, అక్కడితో మాట ఆగిపోతుంది. "ఆడవాళ్లతోనా, మగవాళ్లతోనా, ఇద్దరితోనా?" అని మామూలు గొంతుతో అడుగు. వలస కాగితాల ఊసెత్తొద్దు, కేసు షీట్లో రాయొద్దు.

రక్తం తీసేలోపు దిగులు ఎంతుందో కొలిచే తొమ్మిది ప్రశ్నల పత్రం పీహెచ్‌క్యూ-9ను స్పానిష్‌లో చదివి వినిపించు. దిగులుగా ఉందని వీళ్లలో చాలామంది నోరు తెరిచి చెప్పరు. తలనొప్పి, నిద్రలేమి, కోపం, తాగుడు, "నెర్వియోస్" (స్పానిష్‌లో నరాల బాధ, ఆందోళన) అంటారు. మొత్తం స్కోరు పది గానీ అంతకు మించి గానీ వస్తే కౌన్సెలర్ గదిదాకా నువ్వే తీసుకెళ్లి పరిచయం చెయ్యి. చావు ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాకుండా ఏ జవాబు వచ్చినా, ఆరోజు కౌన్సెలర్‌తో మాట్లాడకుండా పంపొద్దు. ఆత్మహత్య ఆలోచనలు వచ్చినప్పుడు సాయం చేసే 988కి ఫోన్ చేసి 2 నొక్కితే స్పానిష్‌లో పలుకుతారని కూడా చెప్పు.

దుబాసీగా భార్యనో కొడుకునో కూర్చోబెట్టడం ఘోరమైన తప్పు. గ్వాటెమాలా నుంచి వచ్చినవాళ్లలో కొందరి ఇంటి భాష మామ్, కిచే. వాళ్లకు స్పానిష్‌లో కౌన్సెలింగ్ చేయడమంటే ఆదిలాబాద్ గోండు పెద్దాయనకు తెలుగులో చేయడమే. భాష ముందే అడిగి, ఫోన్ దుబాసీని పెట్టించు.

కూలికి వెళ్లేవాళ్ల కోసం సాయంత్రం వేళలు అడిగి తెరిపించు. తల్లిదండ్రుల ఇన్సూరెన్స్‌లో ఉన్న కుర్రాడైతే బిల్లు వివరాల ఉత్తరం ఇంటికెళ్తుంది. వేరే చిరునామాకు పంపమని ఇన్సూరెన్స్ కంపెనీకి బిల్లు వెళ్లకముందే అర్జీ పెట్టించు.

ఏడోరోజున ఒకసారి, సీసా అయిపోవడానికి వారం ముందు ఇంకోసారి ఫోన్ చెయ్యి. మెసేజ్‌లో క్లినిక్ పేరు, మందు పేరు ఉండకూడదు.